లక్ష వత్తులు, మూడు పాళ్ళు

నిన్న మా మనుమరాలికి లెక్కల మీద కోపం వచ్చింది. లక్షను మూడుతో భాగించమన్నారట బళ్ళో. ఎన్నిసార్లు చేసినా మూడు, మూడు, మూడు అని వచ్చి చివరికి ఒకటి మిగిలిపోతోంది. ఎక్కడో తప్పు చేశాననుకొని కాగితమంతా కొట్టేసింది. మళ్ళీ చేసింది. మళ్ళీ ఆ ఒకటి దగ్గరికే వచ్చి పెన్సిలు విసిరికొట్టింది.

"ఇంత పెద్ద నంబర్ కదా నానమ్మా, మూడు భాగాలు సరిగ్గా రావా?" అంది.

బతుకంతా ఆడపిల్లల బడిలో లెక్కలు చెప్పినదాన్ని. కారణం వెంటనే చెప్పవలసింది. అంతలోనే ముక్కుకు కాగుతున్న నెయ్యి వాసన తగిలింది. ఈ అపార్టుమెంటులో నెయ్యి కాచుకునేవాళ్ళు ఎవరూ లేరని నాకు తెలుసు. అయినా తగిలింది.

అప్పుడు మేము పట్నం అంచున కిషన్‌బాగ్‌లో ఉండేవాళ్ళం. మాది ఇల్లు అనడం కంటే కొట్టం అనడం న్యాయం. ముందు బర్రెలు, వెనుక మనుషులు. మా వాకిట్లోకి వచ్చినవాళ్ళను ముందు బర్రెలే చూసేవి, ఆ తర్వాతే మేము చూసేవాళ్ళం. తెల్లవారకముందే బాపు, ఇద్దరు చిన్నాయనలు పాలు పిండుకొని షహర్‌లోకి పోయేవారు. పొద్దెక్కాక ఖాళీ బిందెలతో తిరిగొచ్చేవారు. పేడ, పచ్చిగడ్డి, పిడకల పొగ, పొంగిన పాలు అన్నీ కలిసిన వాసన ఒకటి ఆ ఇంటికి ఉండేది. నా బట్టలకూ, జుట్టుకూ అదే వాసన. బళ్ళో పక్క పిల్ల ముక్కు మూసుకునేది. నేను దాని సద్దిలో పెరుగు ఎంత నీళ్ళగా ఉందో అందరికీ వినపడేటట్టు చెప్పేదాన్ని.

ఆ ఇంటికి పెద్ద మా నాయనమ్మ. తాత పోయాక బర్రెలనూ, కొడుకులనూ ఒకే గొంతుతో అదిలించి నడిపిన మనిషి. ఒక ఏడు బాపుకు మోతీజ్వరం, అదే టైఫాయిడ్, వచ్చింది. హకీం నాడి పట్టుకొని చూసి, మందు ఇవ్వకుండా లేచి వెళ్ళిపోయాడు. నాయనమ్మ అప్పుడు శివుడితో బేరం పెట్టుకుంది. నా పెద్దకొడుకు లేచి కూర్చుంటే కార్తీక పున్నానికి లక్ష వత్తులు వెలిగిస్తానంది. బాపు లేచి కూర్చున్నాడు. జొన్న గట్క అడిగి తాగాడు. దేవుడు తన మాట నిలబెట్టుకున్నాడు, ఇక మా వంతు మిగిలింది.

లక్ష అంటే అప్పుడు నాకు అంతులేనిదని అర్థం. బేగంబజార్ నుంచి దూది మూటలు దిగాయి. దూదేకుల ఖాలా ఒకామె వాకిట్లో కూర్చొని, తన ఎత్తున్న వింటిని మోగిస్తూ దూది ఏకేది. ఆ టుంయ్ టుంయ్ మోతకు బర్రెలు చెవులు నిక్కించేవి. గాలంతా దూది. మేము పిల్లలం దూది గడ్డాలు, మీసాలు పెట్టుకొని ముసలివాళ్ళలా దగ్గుకుంటూ తిరిగేవాళ్ళం.

"క్యా అమ్మా, పూరే షహర్‌కు రజాయి బనారే క్యా?" అని నవ్వేది ఖాలా. ఊరంతటికీ బొంత కుట్టిస్తున్నావా అని.

"దేవునికి చలి వెడ్తుందంట బీబీ, ఆయనకే బొంత," అనేది నాయనమ్మ.

తీరిక దొరికినప్పుడల్లా ఆడవాళ్ళంతా కూర్చొని వత్తులు చేసేవారు. పాలలో విబూది కలిపిన గిన్నె మధ్యలో ఉండేది. వేళ్ళు అందులో తడిపి, చిటికెడు దూది తీసుకొని అరచేతుల మధ్య నలిపితే సన్నని వత్తి వచ్చేది. వంద వత్తులు ఒక కట్ట. పది కట్టలు ఒక మూట. పది మూటలు ఒక గంప. పది గంపలు నిండితే లక్ష. ఒకసారి మా తమ్ముడు ఒక కట్టను చేతిలో పట్టుకొని బర్రె దగ్గర నిలబడి చోద్యం చూస్తుంటే, అది నాలుక చాపి కట్ట మొత్తం నమిలేసింది. వాడు ఏడ్చాడు. నాయనమ్మ ఆ బర్రె వైపు చూసి, "అబ్బ, అన్నిట్ల ముందు దీనికే పుణ్యం దక్కె!" అని ఇంకో కట్ట చేయించింది.

అందరికంటే సన్నగా, అందరికంటే ఎక్కువ చేసేది మా మేనత్త, బాపు చెల్లెలు. అత్తకు పెళ్ళయింది, పిల్లలు కాలేదు. భర్త ఇంకొక ఆమెను చేసుకున్నాడు. ఆ రెండో ఆమె కొంగున ఇంటి తాళంచెవి చూసిన రోజు అత్త చేతిసంచితో మా ఇంటికి వచ్చేసింది. వచ్చినప్పటినుంచి నన్ను పక్కలో వేసుకొని పడుకునేది. బర్రె ఈనినప్పుడు జున్ను వండితే గిన్నె అడుగున మాడి అంటుకున్న చెక్కును గోకి, కొంగు చాటున నాకొక్కదానికే పెట్టేది. జున్ను కంటే ఆ మాడు చెక్కే నాకు ఇష్టం. ఇప్పటికీ మిఠాయి దుకాణం వాళ్ళకు అది చేయడం రాదు.

ఆ ఏడు దసరా వెళ్ళాక అత్త అత్తింటినుంచి పెద్దమనుషులు వచ్చారు. రెండో ఆమెకు కానుపు అయింది, పసులను చూసేవాళ్ళు లేరు, మా మనిషిని మాకు పంపించండి అన్నారు. కులంలో పెద్దవాళ్ళు. తాత లేడు కనుక మాట చెప్పవలసింది బాపు. బాపు మీసం సవరించుకున్నాడు. "అమ్మ మొక్కు ఉన్నది. కార్తీక పున్నం ఎల్లినంక బండి పంపుండ్రి," అన్నాడు. అందరి ముందూ అన్నాడు. అంటే అది మాట ఇచ్చినట్టే.

ఇంట్లో ఎవరూ ఎదురు చెప్పలేదు. నడిపి చిన్నాయన భార్య, మా నడిపి చిన్నమ్మకైతే ప్రాణం తెరిపిన పడింది. ఆమెను తప్పుపట్టను. నలుగురు పిల్లలతో బారెడు గదిలో పడుకునేది. అత్త పడుకునే అర్ర ఖాళీ అయితే తనకు వస్తుందని ఆశ. అమ్మ మాత్రం ఆ రోజు కూరలో ఉప్పు వేయడం మరిచింది.

నేను అత్తను నిలదీశాను. "పోతవా అత్తా?"

"పంపిస్తే పోవాలె గద బిడ్డా. అన్న మాట ఇచ్చిండు."

"అక్కడ ఏముంటది?"

"అక్కడ గూడ బర్లే. ఇక్కడియైతే నేను పిలిస్తే వస్తయి." అని నవ్వబోయింది. నవ్వు సగంలోనే ఆగిపోయింది. ఆ రోజు నుంచి అత్త బాపు ఎదుటపడటం మానేసింది. బాపు ఇంట్లోకి వస్తే కొట్టంలోకి పోయేది. నాకు బాపు మీద ఎంత కోపం వచ్చిందంటే, ఆయన చెంబులో చింతపండు వేసి పెట్టాను. ఆయన ఆ పుల్లనీళ్ళు చివరిదాకా తాగి చెంబు బోర్లించాడు.

పున్నానికి ముందురోజు పాలు పోసి మగవాళ్ళు తిరిగొచ్చి, జొన్నరొట్టె తిని చేయి కడుక్కునేసరికి నాయనమ్మ వాకిట్లో చాప పరిపించింది. పది గంపలూ వరుసగా పెట్టించింది. ధూల్‌పేట్ నుంచి తెచ్చిన మట్టి మూకుళ్ళు మూడు పక్కనే ఉన్నాయి, ముగ్గురు కోడళ్ళూ తలా ఒక మూకుడులో వెలిగిస్తారని.

"కొడుకులారా, ఒక్కమాట," అంది నాయనమ్మ. "ఈ వత్తులు మీరే పంచుండ్రి. ఒగలకు ఒక్క వత్తి ఎక్కువ రావద్దు, ఒగలకు తక్కువ రావద్దు, ఒక్కటి మిగలద్దు. గవి ఎన్ని పాళ్ళు సరిగ్గ పోతె గంతమంది ఈ ఇంటి ఆడోళ్ళు. మూడు పాళ్ళయితె నా బిడ్డ బండెక్కుతది, నేను నోరు తెరువ. కాకుంటె దాన్ని పంపేది లేదు. మొక్కు దేవునిది. మాట ఆయననే చెప్పనీ."

నడిపి చిన్నాయన పకపకా నవ్వాడు. "లక్షనే అమ్మా! గంత మస్తుగున్నదాంట్ల మూడు పాళ్ళు గావా?"

బాపు నవ్వలేదు. గంపల వైపు చూశాడు, తల్లి వైపు చూశాడు. మీసం మీదికి చేయి పోయింది. "సరే అమ్మా," అన్నాడు.

నేను అమ్మ పక్కన కూర్చున్నాను. అత్త కొట్టం గుంజను ఆనుకొని, చేతిలో పేడ తట్టతో నిలబడింది.

పంపకం మొదలైంది. పది గంపలు, తలా మూడు. ఒక గంప మిగిలింది. దాన్ని విప్పితే పది మూటలు, తలా మూడు. ఒక మూట మిగిలింది. దాన్ని విప్పితే పది కట్టలు, తలా మూడు. ఒక కట్ట మిగిలింది. చిన్నాయన నవ్వు తగ్గుతూ వచ్చింది. చివరి కట్ట ముడి విప్పి వత్తులను ఒక్కొక్కటిగా మూడు కుప్పలు వేయడం మొదలుపెట్టాడు. ఆఖరికి ఆయన చేతిలో రెండు వత్తులు మిగిలాయి.

అందరం ఆ రెండింటినే చూస్తున్నాం. నడిపి చిన్నమ్మ చటుక్కున గిన్నెలో వేళ్ళు తడిపి, ఇంత దూది తీసి అరచేతిలో నలిపింది. కొత్త వత్తి. ఆ రెండింటి పక్కన పెట్టింది. మూడు. తలా ఒకటి.

"అయిపాయె! మూడు పాళ్ళు సరిగ్గ అయిపాయె!" అన్నాడు చిన్నాయన.

అత్త చేతిలోని తట్ట జారి కింద పడింది. నాకు ఏడుపు తన్నుకొచ్చింది. అప్పుడే బాపు ఉరిమినట్టు అరిచాడు.

"ఆగుండ్రి! వందల తలా ముప్పైమూడు తీస్తె మిగిలేది ఒక్కటి. రెండెట్ల మిగిలినయ్? ఈ కట్ట ఎవ్వలు గట్టిన్రు? ఎట్ల లెక్కవెట్టిన్రో అడుగమ్మా!"

బాపు ఆడవాళ్ళ పనిలో తలదూర్చడం మేము ఎన్నడూ చూడలేదు. మొక్కు చెడగొట్టారని కోపం వచ్చిందనుకున్నాం. ఆ ముడి కొత్త చిన్నమ్మది. చిన్న చిన్నాయన భార్య, అంతకుముందు ఏడే మెదక్ దిక్కు నుంచి కాపురానికి వచ్చింది. తమ్ముని భార్యతో బావ నేరుగా మాట్లాడటం మా ఇళ్ళలో లేదు. ఆమె కొంగు ముఖం మీదికి లాక్కొని, నాయనమ్మ చెవిలో చెప్పబోయింది.

"గట్టిగ చెప్పు బిడ్డా, అందరు ఇననీ," అంది నాయనమ్మ.

కొత్త చిన్నమ్మ ఒక్కొక్క వత్తి తీసి లెక్కపెట్టసాగింది. "లాభం... ఒకటి... రెండు... మూడు..."

మా ఆడవాళ్ళంతా ఒక్కసారి నోటిమీద చేయి వేసుకున్నారు. వడ్లు కొలిచినా, పిడకలు లెక్కపెట్టినా మా ఇంట్లో మొదటిదాన్ని ఒకటి అనరు, లాభం అంటారు. లాభం తర్వాత రెండు. కొత్త చిన్నమ్మ లాభం తర్వాత ఒకటి అంటోంది.

"లాభం దేవునిది గద అత్తమ్మా," అంది ఆమె ఏడుపు గొంతుతో. "మా అవ్వగారింట్ల గది పక్కకు వెడ్తరు. ఒకటి అన్నంకనే మనది."

అంటే ఆమె వంద, మా వందకు ఒకటి ఎక్కువ. నాయనమ్మ కడుపు పట్టుకొని నవ్వింది. "ఫికర్ చెయ్యకు బిడ్డా. ఎక్కువైంది గాని తక్కువ గాలె. దేవునిది దేవునికిద్దాం," అని ఆ లాభం వత్తిని తీసి దేవుడి గూట్లో పెట్టింది. నడిపి చిన్నమ్మ చేసిన కొత్త వత్తిని ఆమె చేతిలోనే పెట్టింది. "నేను లక్షకు మొక్కిన. లక్షా రెండుకు మొక్కలే."

చాప మీద ఒక్క వత్తి మిగిలింది.

"పదిని మూడు జెయ్యరానిది, దాన్నెంత పెంచితె మాత్రం మూడైతదా?" అంది నాయనమ్మ. "ఇగ నాలుగు పంచుండ్రి."

ఈసారి బాపే లేచాడు. గంపలన్నీ మళ్ళీ నింపించి, తలా రెండు పెట్టాడు. రెండు మిగిలాయి. వాటిని విప్పితే ఇరవై మూటలు. తలా అయిదు. అంతే. ఒక్క కట్ట ముడి కూడా విప్పవలసిన పని పడలేదు. చూస్తుండగానే నాలుగు కుప్పలు ఒక్కతీరుగా నిలబడ్డాయి.

నడిపి చిన్నాయన ఇంకా ఊరుకోలేదు. "రెండు పాళ్ళు గూడ పోతయి గద అమ్మా?"

"పోతయి. మరి నీ పెండ్లాన్ని గూడ పంపుదామా?"

వాకిలంతా గొల్లుమంది. చిన్నాయన చెవులు ఎర్రబడ్డాయి. అయిదు పాళ్ళూ పోతాయని అప్పుడే నాకు తట్టింది. తలా రెండు గంపలు, లెక్క సరి! తెలివి చూపిద్దామని నోరు తెరిచాను. అమ్మ నా తొడ మీద గిల్లింది. రక్తం గడ్డకట్టినంత గిల్లు. నోరు మూసుకున్నాను.

పున్నం నాటి సాయంత్రం తులసికోట ముందు మూడు మూకుళ్ళూ, నాలుగోదిగా నాయనమ్మ నెయ్యి కాచే ఇనుప బాణలీ పెట్టారు. వత్తులన్నీ నేతిలో నానాయి. అత్త కొత్త చీర కట్టుకోలేదు, ఉన్నదే ఉతికి కట్టుకుంది. తన బాణలికి మంట అంటించేటప్పుడు పుల్ల రెండుసార్లు ఆరిపోతే, నడిపి చిన్నమ్మే వచ్చి కొంగు అడ్డం పట్టింది. దూదీ నెయ్యీ కలిసి కాలే ఆ వాసన వాడంతా పాకింది. మంటలు చూసి బర్రెలు బెదిరాయి. అత్త వాటిని పేరుపేరునా పిలిచి ఊరడించింది.

మర్నాడు బండి వచ్చింది. బాపు వాళ్ళకు చల్ల పోయించి, చేతులు జోడించాడు. "మా అమ్మ మొక్కు గిట్ల తేలింది. దేవుని మాట నేను దాటలేను," అన్నాడు. మొక్కులంటే వాళ్ళకూ భయమే. చల్ల తాగి, ఖాళీ బండి తోలుకొని పోయారు.

అత్త ఇక మా ఇంట్లోనే ఉంది. మా పెళ్ళిళ్ళు చేసింది, మా పిల్లలకు ఉగ్గుపాలు పోసింది. ఆ బర్రెలు పోయి, ఆ కొట్టం మీద మేడలు లేచినా, పోయేదాకా బాపు దగ్గరే ఉంది. కానీ ఆయనతో నోరారా మాట్లాడటం నేను చూడలేదు. ఏం కావాలన్నా అమ్మతో చెప్పించేది. తల్లి ఉంచుకుంటే ఉన్నాను, అన్న మాత్రం ఇచ్చేసినవాడే అన్న మాట ఆమె మనసులోంచి పోలేదు.

నేను చదువుకొని లెక్కల టీచరునయ్యాను. లక్ష లోపల ఏముందో అప్పుడు తెలిసింది. రెండును అయిదుసార్లు, అయిదును అయిదుసార్లు వేసి అన్నిటినీ గుణిస్తే లక్ష. ఇంకేమీ లేదు. అందులో ఎక్కడా మూడు లేదు, కనుక మూడు పాళ్ళు కాదు. ఒకటి పక్కన ఎన్ని సున్నాలు పెట్టినా, కోటి అయినా, వంద కోట్లయినా, మూడుకు పంచితే ఒకటి మిగలవలసిందే. నాయనమ్మ పది దగ్గరే అది పట్టుకుంది.

ఇంకొకటి కూడా తెలిసింది. కొత్త చిన్నమ్మ కట్టిన ప్రతి కట్టలోనూ ఒకటి ఎక్కువ ఉన్నట్టే కదా. ఆమె ఎన్ని కట్టలు కట్టిందో ఎవరూ చూడలేదు. అంటే ఆ గంపల్లో ఉన్నది లక్ష కాదు, లక్షా ఎంతో. ఆ ఎంతోను బట్టి నిజానికి మూడు పాళ్ళు సరిగ్గా అయ్యేదేమో, నాలుగు కాకపోయేదేమో. మేము పంచింది వత్తులను కాదు, కట్టలను. మా అత్తను నిలబెట్టిన లెక్క తప్పుల లెక్క.

అత్త పోయిన మరుసటేడు, ఒక మధ్యాహ్నం బాపు మంచంలో కూర్చొని ఉంటే ఈ మాట చెప్పాను. పెద్దవాడైపోయాడు, నవ్వుతాడేమోనని చెప్పాను.

"తప్పయితె ఏంది బిడ్డా," అన్నాడు. "పాలు పోసి బతికినోణ్ణి. పది మూడుకు పోదని నాకెరుక లేదా? అమ్మ చాప పరిచిననాడే ఎరుక."

"మరి అందరిముంగట మాట ఎందుకిచ్చినవ్ బాపు?"

"ఇయ్యకుంటె కులంల లొల్లి. ఇచ్చినంక నా అంతట నేను తప్పరాదు. ఎట్లనా అని నిద్రలేదు నాకు. అమ్మ లక్ష అన్నది, నా నెత్తిమీద బరువు దిగింది. మూడుకు పోదు, చెల్లె పోదు అనుకున్న. గా రెండు వత్తులు మిగిలినప్పుడు పాణం పోయినంత పనాయె. నా బతుకుల గంత గట్టిగ ఎన్నడు ఒర్లలె."

"అత్తకు ఒక్కసారన్న చెప్పకపోయినవా?"

"మొదాల చెప్పరానిదాయె, ఎవ్వలన్న ఇంటరని. ఆ ఎన్క... చెల్లె నా ఎదురుంగ నిలవడలె గద బిడ్డా," అన్నాడు.

ఇద్దరూ ఒక్క ఇంట్లో ఒక్క కుండలో బువ్వ తిని ముసలివాళ్ళయ్యారు. నేను ఆ మాట ఒక్క ఏడు ముందు అడిగి ఉంటే, పరుగెత్తుకుంటూ పోయి అత్త చెవిలో వేసేదాన్ని.